ఇంటి దీపాలు మార్చడం ఎలా: వాకిలి బల్బు నుంచి మీటరు దాకా

తెనాలి దగ్గర మా పిన్ని వాళ్ళది పాత పెంకుటిల్లు, దాని వెనక తర్వాత వేసిన డాబా. ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా తెల్లవారుజామున మొదట కళ్ళబడేది వాకిట్లో వెలుగుతున్న 60 వాట్ల బల్బు. సాయంత్రం ఆరున్నరకి వేస్తారు, పొద్దున ఐదున్నరకి ముగ్గు పెట్టాక ఆపుతారు. కిందటేడు ఎండాకాలంలో బిల్లు చేతికొచ్చాక పిన్ని, "ఏరా, ఏసీ లేదు, గీజరు లేదు, ఇంత బిల్లు ఎందుకొస్తోంది?" అని అడిగింది. ఆ ఆదివారం ఇద్దరం కాగితం, పెన్ను పట్టుకుని గది గదికీ తిరిగాం. ఆ రోజు చేసినదీ, ఆ తర్వాత మరో నాలుగిళ్ళలో చేసి నేర్చుకున్నదీ కలిపి వరసగా రాస్తున్నాను. మీ ఇంటికీ ఒక ఆదివారం సరిపోతుంది.

మొదటి మెట్టు: బల్బులు కాదు, గంటలు రాయండి

చాలామంది దీపాలు మార్చాలనుకోగానే ఇంట్లో అన్నిటికన్నా పెద్ద బల్బు దగ్గరకు వెళతారు. అక్కడే పొరపాటు. పెరట్లో 100 వాట్ల బల్బు రోజుకు అరగంట వెలిగితే దాని ఖర్చు ఏపాటిది? రాత్రంతా వెలిగే చిన్న బల్బు దానికి ఎన్నో రెట్లు తింటుంది. అందుకే కాగితం మీద మూడు గీతలు గీయండి: దీపం ఎక్కడుంది, ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు. వాట్లని గంటలతో గుణించి 1000తో భాగిస్తే రోజుకు ఎన్ని యూనిట్లో వస్తుంది.

పిన్ని వాళ్ళింట్లో లెక్క ఇలా తేలింది. పక్కన రాసిన అంకె రోజుకు అయ్యే వాట్ గంటలు.

వాకిలి, 60 వాట్ల బల్బు, 11 గంటలు: 660
హాలు, పాత ట్యూబులైటు, 6 గంటలు: 312
జీరో బల్బులు రెండు, ఒక్కోటి 15 వాట్లు, 9 గంటలు: 270
వంటిల్లు, పాత ట్యూబులైటు, 5 గంటలు: 260
దేవుడి గది, 40 వాట్ల బల్బు, 4 గంటలు: 160
పడకగది, పాత ట్యూబులైటు, 3 గంటలు: 156
స్నానాల గది, 60 వాట్ల బల్బు, గంటన్నర: 90
పెరడు, 100 వాట్ల బల్బు, అరగంట: 50

మొత్తం 1958. అంటే రోజుకు దాదాపు రెండు యూనిట్లు, నెలకు 58 యూనిట్ల పైన. ఒక్క దీపాలకే.

ఇందులో రెండు విషయాలు చెప్పాలి. ట్యూబు మీద 40 వాట్లని రాసి ఉన్నా, పట్టీలో బరువైన పాత ఇనప చోక్ ఉంటే అది ఇంకో 10 నుంచి 15 వాట్లు లాగుతుంది. అందుకే ట్యూబుకి 52 వాట్లు వేశాం. చోక్ మీద చెయ్యి పెట్టకండి గానీ, లైటు ఆపాక కాసేపటికి పట్టీని తాకి చూస్తే ఆ వేడి తెలుస్తుంది. ఆ వేడికీ మీరే డబ్బు కడుతున్నారు.

రెండోది జీరో బల్బు. పేరు జీరో గానీ, పాతకాలపు ఫిలమెంటు జీరో బల్బు 10 నుంచి 15 వాట్లు తింటుంది. వెనకటి చక్రం మీటర్లు అంత చిన్న లోడుకి సరిగ్గా తిరిగేవి కావు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు అన్నీ లెక్కిస్తుంది. పిన్ని ఈ అంకె చూసి నమ్మలేదు. పడకగదిలో ఒకటి, పిల్లల గదిలో ఒకటి, రెండూ కలిపి వంటింటి ట్యూబులైటు కన్నా ఎక్కువ తింటున్నాయి. ఇక వాకిలి బల్బు ఒక్కటే మొత్తంలో మూడో వంతు.

మీ జాబితాలో పై నుంచి మూడు దీపాల కింద గీత గీయండి. డబ్బు తక్కువగా ఉంటే ఈ నెల ఆ మూడే మార్చండి, చాలు. మిగతావి పోయినప్పుడు మార్చుకోవచ్చు.

రెండో మెట్టు: వాట్లు వదిలి ల్యూమెన్లు చూడండి

వాట్లు చెప్పేది దీపం ఎంత కరెంటు తింటుందో. ఎంత వెలుగు ఇస్తుందో చెప్పేవి ల్యూమెన్లు. 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు. టంగ్‌స్టన్ తీగ ఎర్రగా కాలి వెలుగివ్వాలి కాబట్టి, తిన్న కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోతుంది. ఆ బల్బు నిజానికి కాస్త వెలుగిచ్చే చిన్న హీటరు.

ఎల్‌ఈడీలో కాలే తీగ లేదు. చిన్న అర్ధవాహకపు ముక్క గుండా కరెంటు వెళ్ళి నీలి వెలుగు పుడుతుంది. దాని మీద పసుపు పచ్చటి పూత ఉంటుంది. ఆ రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. స్విచ్చు ఆపి, పైనున్న తెల్ల మూత తీసిన పాత ఎల్‌ఈడీ బల్బుని చూడండి, ఆవగింజంత పసుపు చుక్కలు వరసగా కనబడతాయి. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ఎప్పటినుంచో ఉన్నా, నీలం రావడమే కష్టమైంది. దాన్ని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇప్పుడు దొరికే మంచి ఎల్‌ఈడీ బల్బు వాటుకు 100 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. కాబట్టి 40 వాట్ల బల్బు స్థానంలో 5 వాట్లది, 60 స్థానంలో 7 వాట్లది, 100 స్థానంలో 12 నుంచి 14 వాట్లది పెట్టుకోవచ్చు. పాత ట్యూబుకి బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ. పాత ట్యూబు గుండ్రంగా అన్ని వైపులా వెలుగు చల్లుతుంది, సగం పైకీ గోడకీ పోతుంది. ఎల్‌ఈడీ పట్టీ వెలుగంతా గదిలోకే వస్తుంది. అందుకే ల్యూమెన్లు కొంచెం తక్కువున్నా గదిలో తేడా తెలియదు.

సీఎఫ్‌ఎల్ ఉన్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు. అది ఫిలమెంటు బల్బు కన్నా నాలుగైదు రెట్లు నయం. పనిచేస్తున్నదాన్ని తీసి పారెయ్యకుండా, తక్కువ సేపు వెలిగే స్టోరు గదికి మార్చి, ఎక్కువ గంటలు వెలిగే చోట ఎల్‌ఈడీ పెట్టండి.

ధరల సంగతీ ఇక్కడే చెబుతాను. 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకుగా కొన్నప్పుడు కూడా ఒక్కో ఎల్‌ఈడీ బల్బు సుమారు 310 రూపాయలు పడింది. 2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలై, కోట్లలో ఒకేసారి టెండర్లు పిలవడంతో రెండేళ్ళలోపే ఆ ధర 40 రూపాయల లోపుకు దిగింది. ఆ పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 2021లో వచ్చిన గ్రామ ఉజాలాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలూ ఉన్నాయి. వెలుగుతున్న పాత ఫిలమెంటు బల్బు తెచ్చిస్తే 10 రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చేవారు. బల్బు తెచ్చివ్వాలన్న ఆ షరతు నాకు బాగా నచ్చింది. లేకపోతే కొత్తది హాల్లో పెట్టుకుని, పాతది పశువుల పాకలో రాత్రంతా వెలిగించే ఇళ్ళు బోలెడు.

మూడో మెట్టు: వెలుగుని పని దగ్గరకు తీసుకురండి

మా పిన్ని వంటింట్లో ట్యూబులైటు వెనక గోడ మీద, తలుపు పైన ఉండేది. పొయ్యి ముందు నిలబడితే ఆవిడ నీడ ఆవిడ చేతుల మీదే పడేది. కత్తిపీట మీద బెండకాయలు తరుగుతుంటే పుచ్చుంటే కూడా కనబడదు. వెలుగు చాలట్లేదని ఇంకో ట్యూబు పెట్టిద్దామనుకుంటున్నారు. రెండో ట్యూబు అక్కర్లేకపోయింది. పొయ్యి గట్టు పైనున్న అలమర అడుగున 5 వాట్ల సన్నటి ఎల్‌ఈడీ పట్టీ బిగించాం. అది గట్టుకి రెండడుగుల ఎత్తులో ఉంది. వంట చేసేటప్పుడు ఇప్పుడు అదొక్కటే వేస్తుంది, అందరూ అటూ ఇటూ తిరిగే వేళకే పెద్దది. ఆ రోజు సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "కళ్ళజోడు మార్చుకోవాలేమో అనుకుంటున్నానురా ఇన్నాళ్ళూ" అంది.

ఇందులో సూత్రం చిన్నది. దీపానికీ వస్తువుకీ మధ్య దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. పిల్లల చదువు బల్ల మీద 7 వాట్ల టేబుల్ లైటు, పైకప్పు మీది 20 వాట్ల పట్టీ కన్నా పుస్తకానికి ఎక్కువ వెలుగిస్తుంది. కుడి చేత్తో రాసే పిల్లలకి లైటు ఎడమ వైపు ఉంచండి, రాసే చేతి నీడ అక్షరాల మీద పడదు. గది పూర్తిగా చీకటిగా ఉంచి ఒక్క బల్ల మీదే వెలుగు పెట్టడం మాత్రం కళ్ళకి అలసట. గదిలో చిన్నది ఏదో ఒకటి వెలగనివ్వండి.

కొత్త దీపం కొనే ముందు గోడలు చూడండి. తెల్ల సున్నం వేసిన గోడ తన మీద పడ్డ వెలుగులో నాలుగింట మూడు వంతుల పైనే తిప్పి ఇస్తుంది, ముదురు రంగు గోడ చాలా భాగం మింగేస్తుంది. మసి పట్టిన వంటింటి పైకప్పుకి ఒక పూత తెల్ల రంగు వేస్తే ఇంకో దీపం పెట్టినంత పని. పెంకుటిళ్ళలో మన పెద్దవాళ్ళు నడిమధ్య ఒక అద్దపు పెంకు పెట్టేవాళ్ళు. పిన్ని వాళ్ళింట్లో అది ఇంకా ఉంది, కాకపోతే పైన పదేళ్ళ ఆకులు, నాచు. నిచ్చెన వేసి కడిగిస్తే, పగలు దేవుడి గదిలో బల్బు వేసే పనే తప్పింది.

నాలుగో మెట్టు: పెట్టె మీది అక్షరాలు చదివి కొనండి

కొట్లో "ఒక తొమ్మిది వాట్ల బల్బు ఇవ్వండి" అని అడక్కండి. పెట్టె చేతిలోకి తీసుకుని ఈ కింది వాటిని చూడండి.

ముందు ల్యూమెన్లు. 9 వాట్లని రాసి ల్యూమెన్లు రాయకపోతే ఆ పెట్టె పక్కన పెట్టెయ్యండి. తర్వాత కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ స్టార్ లేబుల్. దాని మీద వాటుకు ఎన్ని ల్యూమెన్లో అంకె ఉంటుంది, రెండు కంపెనీల్ని పోల్చడానికి అదే తేలిక దారి. ఐఎస్ 16102 అనే భారత ప్రమాణం అంకె, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సంతలోనూ బండి మీదా కిలోల లెక్కన పోసి అమ్మే బల్బుల మీద ఇవేవీ ఉండవు. వాటిలో రక్షణ విడిభాగాలు తీసేసి ధర తగ్గిస్తారు. మూడు నెలలకు ఆరిపోయే 30 రూపాయల బల్బు, మూడేళ్ళు వచ్చే 100 రూపాయల బల్బు కన్నా ఖరీదైనది.

రంగు విషయంలో తొందరపడకండి. పెట్టె మీద కెల్విన్లలో అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 అంటే పసుపు ఛాయ, పాత బల్బు లాంటిది. 4000 దగ్గర మామూలు తెలుపు. 6500 అంటే నీలం కలిసిన తెలుపు. మనవైపు కొట్లలో అడక్కపోతే ఇచ్చేది ఈ 6500 రకమే. వంటింటికీ, చదువు బల్లకీ 4000 బాగుంటుంది. పడకగదికి, రాత్రి కూర్చునే చోటుకి 3000 తీసుకోండి. నీలం ఎక్కువున్న వెలుగు పొద్దుపోయాక కళ్ళల్లో పడితే నిద్ర తెచ్చే మెలటోనిన్ తగ్గుతుంది. వాకిలికి కూడా పసుపు ఛాయదే నా సలహా. వానాకాలంలో వరి పొలాల పక్క ఇళ్ళలో తెల్ల లైటు వేస్తే పురుగులు ముసిరి గుమ్మంలో నిలబడనివ్వవు. పసుపు వెలుగుకి అవి తక్కువగా వస్తాయి. పిన్ని వాళ్ళ వాకిట్లో మార్చాక పొద్దున్నే ఊడ్చే రెక్కల కుప్ప కంటికి తెలిసేంత తగ్గింది.

రంగులు నిజంగా కనబడతాయా లేదా అన్నది వేరే సంగతి. చీరల కొట్లో నచ్చిన చీర తీసుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో ఓసారి చూస్తాం కదా, దాన్ని కొలిచే అంకే సీఆర్‌ఐ. ఎండకి 100. బల్బుకి 80 తగ్గకూడదు. దుకాణానికి, అద్దం ముందుకి, వంటింటికి 90 దొరికితే ఇంకా మంచిది. చవక బల్బు కింద టమోటా ఎరుపు పాలిపోయి కనబడటానికి కారణం ఇదే.

ఇక వోల్టేజీ. పల్లెల్లో సాయంత్రం మోటార్లు ఆడేటప్పుడు కరెంటు పడిపోతుంది, తెల్లవారుజామున పెరుగుతుంది. పెట్టె మీద 140 నుంచి 270 వోల్టులు, లేదా అంతకన్నా వెడల్పైన హద్దులు ఉన్న బల్బు చూసుకోండి. ఉరుముల కాలంలో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని తట్టుకోవడానికి సర్జ్ రక్షణ ఎన్ని కిలోవోల్టులో కూడా కొన్ని పెట్టెల మీద ఉంటుంది, అది ఉన్నదే వాకిలికి కొనండి. పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, 0.9 ఉంటే మేలు. తక్కువున్నా ఇంటి మీటరు యూనిట్లే లెక్కిస్తుంది కాబట్టి మీ బిల్లు పెరగదు, భారం వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. హోల్డరు రకం చూసుకోండి, మన పాత ఇళ్ళలో ఉండేది రెండు మొనల పిన్ను హోల్డరు, కొత్త షోకు లైట్లకి స్క్రూ హోల్డరు. వారంటీ ఉన్నదైతే బిల్లు తీసుకుని పెట్టెలోనే దాచండి. బల్బు మీద కొన్న తేదీ స్కెచ్ పెన్నుతో రాస్తే వెతుక్కునే పని ఉండదు.

పిన్నికి అయిన ఖర్చు: మూడు 20 వాట్ల పట్టీలు 750, వాకిలికీ స్నానాల గదికీ 7 వాట్లవి రెండు కలిపి 200, పెరటికి 12 వాట్లది 130, దేవుడి గదికి 5 వాట్లది 80, అర వాటు రాత్రి దీపాలు రెండు 120, పొయ్యి గట్టు పట్టీ 200. మొత్తం 1480 రూపాయలు.

ఐదో మెట్టు: బిగించడం

బల్బు మార్చడం అందరికీ తెలిసిందే. స్విచ్చు ఆపండి, పాతది చల్లారనివ్వండి, ఎల్‌ఈడీని మూత పట్టుకుని కాకుండా కింది గట్టి భాగం పట్టుకుని తిప్పండి. తడి కాళ్ళతో ఇనప నిచ్చెన ఎక్కొద్దు.

ట్యూబులైటు దగ్గరే జాగ్రత్త. పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబు దూర్చేద్దామని చాలామంది చూస్తారు. ఈ ట్యూబులు ఒక్క రకం కాదు. కొన్నిటికి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే చివర ఇవ్వాలి, కొన్నిటికి రెండు చివర్లా ఇవ్వాలి. కొన్నిటికి చోక్, స్టార్టరు తీసేసి తీగలు నేరుగా కలపాలి. ఒక రకానికి చెయ్యాల్సిన వైరింగు ఇంకో రకానికి చేస్తే షార్టవుతుంది. పైగా కొన్నాళ్ళకి ఎవరో తెలియక అదే పట్టీలో పాత ట్యూబు పెట్టబోతారు. అందుకని నా మాట, పట్టీతో సహా మొత్తం కొత్తది కొనండి. ధరలో తేడా పెద్దగా ఉండదు.

మెయిన్ దగ్గర ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ దించండి, ఒక్క స్విచ్చు ఆపితే చాలదు. ఎంసీబీ దగ్గర ఎవరూ తాకకుండా ఒకరిని నిలబెట్టండి. టెస్టరు పనిచేస్తోందా లేదా అన్నది కరెంటున్న ప్లగ్గు మీద ముందు చూసుకుని, అప్పుడు పట్టీ తీగల మీద పెట్టి చూడండి. పాత ట్యూబుని పావు చుట్టు తిప్పి దించి, పట్టీ మరలు విప్పండి. గోడలోంచి వచ్చే రెండు తీగల్ని విడివిడిగా వంచి ఉంచండి. కొత్త పట్టీ బిగింపులు గోడకి కొట్టి, తీగల్ని కనెక్టర్‌లో బిగించండి. మెలేసి టేపు చుట్టి వదిలెయ్యకండి. పట్టీ ఇనుప ఒళ్ళుదైతే ఎర్తు తీగ తప్పనిసరి. తీగల పూత చేత్తో తాకితే పొడిగా రాలుతుంటే అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్ని పిలవండి. పిన్ని వాళ్ళ పెంకుటింట్లో హాలు తీగ అలాగే ఉంది. పట్టీ పనితో పాటు ఆ ముక్క కూడా మార్పించాం.

ఆరో మెట్టు: ఇబ్బందులొస్తే

స్విచ్చు ఆపినా బల్బు సన్నగా మిణుకుమంటోందా? స్విచ్చులో చిన్న ఎర్ర దీపం ఉంటే దాని గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు కారణం కావచ్చు, అది మామూలే. అది లేకపోతే మాత్రం స్విచ్చు ఫేజు తీగకి బదులు న్యూట్రల్ మీద ఉండి ఉంటుంది. పాత ఇళ్ళలో ఇది తరచూ కనబడుతుంది. స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుందన్నమాట. పాత బల్బు ఈ తప్పుని దాచింది, ఎల్‌ఈడీ బయటపెట్టింది. వెంటనే ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించండి. పిల్లలున్న ఇల్లైతే ఆ పని రేపటికి పెట్టొద్దు.

తలనొప్పి, కళ్ళమంట అంటుంటే ఫోను కెమెరా తెరిచి బల్బు దగ్గరగా పెట్టండి. తెర మీద నల్లటి అడ్డగీతలు బలంగా పాకుతుంటే ఆ బల్బు కంటికి తెలియకుండా ఆరి వెలుగుతోంది. లోపల ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చే భాగం, అంటే డ్రైవర్, చవకది. చదువు బల్ల దగ్గర అలాంటిది వద్దు.

కొన్ని నెలలకే ఆరిపోతోందంటే చాలాసార్లు వేడే కారణం. ఎల్‌ఈడీ గుండ్రటి మూసిన గాజు బుడ్డిలో ఉంటే లోపలి వేడి పోవడానికి దారి ఉండదు. ముందుగా చెడేది వెలుగిచ్చే చుక్కలు కాదు, అడుగున ఉన్న డ్రైవర్‌లోని కెపాసిటర్. అలాంటి బుడ్డిలో తక్కువ వాట్ల బల్బు పెట్టండి, లేదా బుడ్డి తీసెయ్యండి. వరసగా ఒకే హోల్డరులో రెండు మూడు బల్బులు పోతే తప్పు బల్బుది కాదు, హోల్డరు లోపలి మొనలు కాలి వదులై ఉంటాయి.

ఏడో మెట్టు: స్విచ్చులు, సెన్సర్లు, ఆశలు

వాకిలికి పగలు రాత్రి గుర్తుపట్టే సెన్సరున్న బల్బు పెడితే పొద్దున ఆపడం మర్చిపోయే బాధ ఉండదు. మెట్ల దగ్గర, స్నానాల గది దారిలో మనిషి కదిలితే వెలిగే సెన్సరు బల్బు మంచిది, ముసలివాళ్ళు రాత్రి లేచినప్పుడు స్విచ్చు తడుముకోనక్కర్లేదు. పిన్ని వాకిలికి సెన్సరు వద్దంది, ముగ్గు వేశాక తన చేత్తో ఆపడమే తనకి అలవాటు. సరేనన్నాం. 7 వాట్లకి అంత పట్టుబట్టాల్సిన పని లేదు.

నాకు బెంగ పుట్టించేది ఇంకొకటి. దీపం చవకైంది కదా అని ఇప్పుడు కొత్త ఇళ్ళలో హాలుకి ఫాల్స్ సీలింగ్, దాని అంచుల్లో మీటరుకి 10 వాట్ల పైన తినే స్ట్రిప్పులు, మధ్యలో పన్నెండు ప్యానెల్ లైట్లు. 12 మీటర్ల స్ట్రిప్పు అంటే 120 వాట్లు, ఒక్కోటి 10 వాట్ల చొప్పున ప్యానెళ్ళు ఇంకో 120. మా తాతయ్య హాల్లో ఉన్న రెండు పాత ట్యూబులకి రెండింతలకు పైగా. అన్నీ ఎల్‌ఈడీలే, అయినా పొదుపు లేదు. మీరు అలాంటిది కట్టిస్తుంటే కనీసం స్విచ్చులు విడదీయించండి. స్ట్రిప్పుకి ఒకటి, ప్యానెళ్ళకి నాలుగేసి చొప్పున ఒక్కోటి.

మన సాయంత్రాలకి ఈ పొదుపు ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. పగలు సోలారు కరెంటు వస్తుంది. ఆరున్నరకి అది ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ప్రతి ఇంట్లో దీపాలు, ఫ్యాన్లు, టీవీలు వెలుగుతాయి. ఆ నాలుగు గంటల గిరాకీ తీర్చేది ఎక్కువగా రామగుండం, ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల బొగ్గు మండించే కేంద్రాలే. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. తీగల్లో పోయే నష్టం వేరే. ఇంటి దగ్గర ఒక యూనిట్ ఆదా అయితే కేంద్రం దగ్గర ఒకటి కన్నా ఎక్కువే మిగులుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ వీధి దీపాల్ని కూల్చేశాక, ఆ నగరంలో దాదాపు 90 వేల వీధి దీపాల్ని ఎల్‌ఈడీలతో మార్చింది కూడా ఈ లెక్కతోనే. రాత్రంతా వెలిగేవి కాబట్టి అక్కడ ప్రతి వాటుకీ ఫలితం ఎక్కువ. మీ ఇంటి వాకిలి బల్బుకీ అదే న్యాయం.

ఎనిమిదో మెట్టు: పాతవి ఎక్కడ పారెయ్యాలి

ఫిలమెంటు బల్బు కాగితంలో చుట్టి పొడి చెత్తలో వెయ్యొచ్చు. సీఎఫ్‌ఎల్, ట్యూబులైటు అలా కాదు, వాటిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగలకుండా పెట్టెలో పెట్టి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఇంట్లో పగిలితే పిల్లల్ని బయటకి పంపి, కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, పావుగంట ఆగండి. చీపురుతో ఊడిస్తే పొడి గాల్లోకి లేస్తుంది. గట్టి అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో తుడిచి, అన్నీ మూతున్న సీసాలో వెయ్యండి.

తొమ్మిదో మెట్టు: మీటరు ముందు నిలబడి చూడండి

పిన్ని వాళ్ళింట్లో అన్నీ మార్చాక రోజు లెక్క 1958 నుంచి 358 వాట్ గంటలకి దిగింది. నెలకు 58 యూనిట్లు పోయి 11 లోపు. మిగిలింది 48 యూనిట్లు. వాళ్ళ వాడకం ఆంధ్రలో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో పడుతుంది, అక్కడ యూనిట్ 6 రూపాయలు. మనం తగ్గించే యూనిట్లు ఎప్పుడూ పైనున్న ఖరీదైన శ్లాబు నుంచే తగ్గుతాయి. నెలకు 288 రూపాయలు, అంటే 1480 రూపాయలు ఐదారు నెలల్లో తిరిగొస్తాయి. తెలంగాణలో గృహజ్యోతికి అర్హులైన కుటుంబాలకి ఈ లెక్క ఇంకా పెద్దది. 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, దాటితే మొత్తానికీ కట్టాలి. 215 దగ్గర ఆగుతున్న ఇల్లు ఒక్క వాకిలి బల్బు మార్చితేనే ఆ గీత కిందికి వస్తుంది.

ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో ఇంకో లాభం. కరెంటు పోయినప్పుడు రెండు పాత ట్యూబులు, రెండు 75 వాట్ల ఫ్యాన్లు కలిపి 254 వాట్లు లాగేవి. ట్యూబులు మార్చితే 190కి వస్తుంది, ఫ్యాన్లు కూడా తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు రకం, 30 వాట్లవి పెడితే 100కి. అదే బ్యాటరీ రెండింతల సేపు నడుస్తుంది. దీపాలయ్యాక చెయ్యాల్సిన పని ఫ్యాన్లదే.

కాగితం లెక్క నిజమో కాదో బిల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం కొట్టుకుంటూ ఉంటుంది. పక్కన ఒక యూనిట్‌కి ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200 అని. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, మోటారు, చార్జర్లు అన్నీ ఆపి, మార్చాలనుకున్న దీపాలు మాత్రమే వెయ్యండి. గడియారం చూస్తూ ఐదు నిమిషాల్లో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. దీపాలు మార్చాక మళ్ళీ అలాగే లెక్కపెట్టండి. పిన్ని వాళ్ళ హాలు, వంటింటి పాత ట్యూబులు రెండూ వేసి ఉంచినప్పుడు ఐదు నిమిషాల్లో 28 సార్లు వెలిగింది. కొత్త పట్టీలు బిగించాక పిన్ని తనే స్టూలు వేసుకుని మీటరు ముందు కూర్చుంది. పదకొండోసారి వెలగక ముందే నేను గడియారం చూసి, "టైమయింది పిన్నీ" అన్నాను.